అంచు మీద సంవత్సరం

"ఐదూ ఇవేనా? మధ్యలో ఏ ఏడాదైనా తప్పిందా?"

"తప్పలేదండీ," అంది తారామణి.

తారామణి పిలిపించిన ప్రైవేట్ డిటెక్టివ్ ఉదయశ్రీ టీపాయ్ మీద తెల్ల జేబురుమాలు పరిచి, ఐదు అమెరికా డాలరు బిళ్ళల్నీ వరసగా పేర్చింది. అన్నీ కాస్త ఎరుపు తిరిగిన బంగారు రంగువే. అన్నింటి మీదా ఒకే అమ్మాయి. వీపున పసిబిడ్డను కట్టుకుని, ఎవరో పిలిస్తే వెనక్కి తిరిగినట్టు, భుజం మీదుగా చూస్తోంది.

నాచారం హెచ్.ఎం.టి. నగర్‌లో ఆ ఇంటి పై వాటా తారామణిది. కింది వాటాలో ఆమె బావగారు బుచ్చిబాబు, తోడికోడలు మంగతాయారు ఉంటారు. ఏడేళ్ళ క్రితం, 2007 మే నెలలో, తారామణి భర్త ఫణీంద్ర ఈక్వడార్ దేశంలోని ఒక రేవులో ఓడ దిగి ఊళ్ళోకి వెళ్ళాడు. సరుకుల ఓడలో ఎలక్ట్రీషియన్ అతను. ఓడ బయలుదేరే వేళకు తిరిగి రాలేదు. ఆ తర్వాత అతన్ని చూశామని చెప్పినవాళ్ళు లేరు. ఏడేళ్ళు ఏ కబురూ లేని మనిషిని చనిపోయినట్టుగా ప్రకటించమని కోర్టును అడగవచ్చు. ఆ అఫిడవిట్ మీద తారామణి రేపు సంతకం పెట్టాలి. "ఈ ఏడేళ్ళలో నా భర్త నుంచి నాకు ఎలాంటి కబురూ అందలేదు" అన్న వాక్యం కింద.

కానీ 2009 నుంచి ఏటా ఒక బిళ్ళ వస్తోంది.

"ఈ బిళ్ళలు ఆయనే పంపుతున్నారని ఎందుకనుకుంటున్నారు?"

తారామణి లేచి బీరువాలోంచి ఇంకో బిళ్ళ తెచ్చింది. అమ్మాయి బొమ్మ అదే. వెనక మాత్రం రెక్కలు చాచిన గద్ద ఉంది. "ఇది ఆయన తన చేత్తో ఇచ్చింది. ఆ దేశంలో సొంత డబ్బు మానేసి డాలర్లే వాడుతున్నారట. ఈ బిళ్ళంటే అక్కడి వాళ్ళకు మహా ఇష్టమట. తమ వాళ్ళ మొహంలా ఉందని చేతులు మారనివ్వరట. ఏటా వెనక బొమ్మ మారిస్తే బాగుండును, ఏటా నీకొకటి తెస్తాను అనేవారు. అప్పట్లో మారేది కాదు. ఆయన కనిపించకుండా పోయిన రెండేళ్ళకు మారడం మొదలైంది. మొదలైన ఏడాదే నాకు వచ్చింది. ఇంకెవరు పంపుతారండీ?"

ఉదయశ్రీ బిళ్ళల్ని ఒక్కొక్కటే వెనక్కి తిప్పింది.

"ఇది విత్తనాలు నాటుతున్న ఆడమనిషి," అంది తారామణి. ఆమె చూపుడువేలు బిళ్ళను తాకకుండా పైనే ఆగింది. "ఎక్కడో పొలం పనిలో కుదిరాడనుకున్నాను. మరుసటేడు బాణాల కట్ట. ఏదో గొడవలో ఇరుక్కున్నాడని భయపడ్డాను. ఆ పై ఏడు రెండు చేతులు ఒక గొట్టాన్ని అందిపుచ్చుకుంటున్నాయి. తోడెవరో దొరికారని కాస్త నెమ్మదించాను. తర్వాత గుర్రం. గుర్రం వచ్చిందంటే బయలుదేరాడని అనిపించింది. ఆ ఏడాదంతా గేటు చప్పుడైతే చాలు, పరిగెత్తేదాన్ని. పోయినేడు తాబేలు, తోడేలు, కోడి లాంటి పక్షి ఒకటి." నవ్వింది. "తాబేలు కదా, నెమ్మదిగా వస్తున్నాడనుకున్నాను."

ఉదయశ్రీ నవ్వలేదు.

"నేను పిచ్చిదాన్నో కాదో మీరు తేల్చక్కర్లేదు. ఒక్కటి చెప్పండి చాలు. రేపు ఆ కాగితం మీద సంతకం చేస్తే బతికున్న మనిషిని చంపినట్టా, కాదా?"

"కవర్లు ఏవీ?"

ఐదు తెల్ల కవర్లు. స్టాంపు లేదు, పేరు లేదు. గేటుకున్న పోస్టు డబ్బాలో పడేవి. డబ్బా తాళంచెవి ఒక్కటే, అది తారామణి దగ్గరే ఉంటుంది. ఏ నెలలో అని అడిగితే ఆగస్టులోనో, కాస్త అటూ ఇటూగానో అంది.

ఉదయశ్రీ ఒక కవరు మూతను గోటితో నెమ్మదిగా లేపింది. గమ్ జాడ కాదు. ఎండి, పలచబడి, అంటుకుపోయిన మెతుకు. అన్నం మెతుకు నలిపి అంటించారు. తర్వాత భూతద్దం తీసి బిళ్ళల అంచుల్ని చూడసాగింది. చాలాసేపు చూసింది. పర్సులోంచి పిన్నీసు తీసి, ఒక బిళ్ళ అంచులో చెక్కిన అక్షరాల సందున గీకింది. జేబురుమాలు మీద ఎర్రటి పొడి రాలింది.

అప్పుడే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది.

ముందు బుచ్చిబాబు వచ్చాడు. ఆయన వెనక, ఎండకు కమిలిన మొహంతో, పొట్ట దగ్గర బిగుసుకున్న చొక్కాతో విక్రమ్. పోలీసు ఉద్యోగం వదిలేసి ఉప్పల్‌లో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టినవాడు. పెళ్ళి సంబంధాల ఎంక్వయిరీలు ఉదయశ్రీకి రాకుండా సగం అతనే ఎగరేసుకుపోతుంటాడు.

"ఏంది మేడం, మా కేసుల మీరెట్ల వచ్చిన్రు?" అన్నాడు విక్రమ్, కుర్చీ లాక్కుంటూ.

"మీ కేసా?"

"నేను పెట్టుకున్నాను," అన్నాడు బుచ్చిబాబు. "పోయిన శ్రావణంలోనే. ఈ బిళ్ళల బాగోతం తేలాలి కదమ్మా. ఏడేళ్ళుగా మా తమ్ముడికి తద్దినం పెట్టాలో, ఆయురారోగ్యాల కోసం అర్చన చేయించాలో తెలియక చస్తున్నాను. గుళ్ళో పూజారి గోత్రనామాలు అడిగితే వాడి పేరు దగ్గర నోరు పెగలదు. రేపు సంతకం అయితే కనీసం వాడికి నాలుగు నీళ్ళు వదులుతాను."

"తేలిందా మరి, విక్రమ్ గారూ?"

"తేలకేం? పది దినాలు గేటు ఎదురుంగ చాయ్ డబ్బా కాడ కూసున్న. పోస్ట్‌మాన్ రాలే, కొరియరోడు రాలే. బయటి మనిషి ఒక్కడు గా డబ్బా మీద చెయ్యి పెట్టలే. బిళ్ళ మాత్రం పడ్డది. అంటే ఇంట్లకెల్లే పడ్డది. మరి చాబీ ఎవరి కాడ ఉంది?"

అతని చూపు తారామణి మీద ఆగింది. ఆమెకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది.

"నేనే వేసుకున్నానంటారా?"

"నేనంటలేనమ్మా, లెక్క అంటున్నది. ఆశ ఉంటది మనిషికి. తప్పు గాదు. గని మస్తు మందిని సూసిన నేను. పోయినోళ్ళ ఫోన్ నంబర్‌కి వాళ్ళే రీచార్జ్ చేయించుకుంటరు."

"మాటలు జాగ్రత్త," అంది ఉదయశ్రీ.

"ఆగున్రి మేడం, సబూత్ ఉంది." విక్రమ్ గద్ద బొమ్మ బిళ్ళను అందుకున్నాడు. "ఇగో, ఇది అసలుది. మొగం మీద ఏముంది? రెండువేలు అని సంవత్సరం ఉంది. ఇప్పుడు గీ ఐదు సూడున్రి. ముందట లేదు, ఎనుక లేదు. సంవత్సరం లేని పైసలు ఏ సర్కారన్న కొడ్తదా? ఇవి ఏడనో పోత పోయించిన డూప్లికేట్లు. లేకుంటె ఫణీంద్ర పెట్టెల ఎనకటి నుంచి పడి ఉన్నవి. ఏటా ఒకటి తీసి డబ్బాల ఏసుకుంటున్నది. ఖేల్ ఖతం."

తారామణి చేతులు ఒళ్ళో ముడుచుకుంది. బుచ్చిబాబు కిటికీ వైపు చూశాడు.

ఉదయశ్రీ తాబేలు బిళ్ళను అతని ముందు టీపాయ్ మీద నిలబెట్టింది. "మొహం చూశారు, వీపు చూశారు. పక్క చూడండి."

"పక్కన ఏముంటది?"

"భూతద్దం కూడా ఇస్తున్నాను."

విక్రమ్ ఒంగాడు. బిళ్ళను వేళ్ళ మధ్య తిప్పాడు. చుక్కలు, ఏవో అక్షరాలు, మళ్ళీ చుక్కలు. తర్వాత ఆగిపోయాడు.

"చదవండి. పైకి."

"రెండువేల... పదమూడు."

"2009 నుంచి వెనక బొమ్మ మార్చడంతో పాటు సంవత్సరాన్ని కూడా మొహం మీంచి తీసి అంచులోకి చెక్కుతున్నారు. ఐదూ చూశాను. తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు, పదమూడు. 2007లో మాయమైన మనిషి పెట్టెలోకి ఇవి ఎలా వచ్చి చేరాయండీ?"

విక్రమ్ బిళ్ళను కింద పెట్టాడు. "సరే, పెట్టెల లేవు. గట్లయితే నెట్‌ల కొన్నది."

"కొన్నవి ఉన్నాయి. చివరి రెండూ." ఉదయశ్రీ వాటిని పక్కకు జరిపింది. "2011 దాకా ఈ బిళ్ళల్ని జనం వాడుకోవడానికే కొట్టారు. 2012 నుంచి సేకరించేవాళ్ళకు అమ్మడానికి మాత్రమే కొడుతున్నారు. అంగట్లో చిల్లరగా రావడమంటే అరుదు. ఇప్పుడు ఈ మొదటి మూడూ చూడండి. అమ్మాయి చెంప అరిగింది, బిడ్డ తల అరిగింది, గీతలున్నాయి. జేబులు తిరిగిన బిళ్ళలు. ఈ రెండింటి మీద ఒక్క గీత లేదు. వీటితో ఎవరూ ఎప్పుడూ ఏమీ కొనలేదు. ఎవరో..."

ఆగిపోయింది. విక్రమ్‌ను ఓడించే తొందరలో ఎవరి ముందు మాట్లాడుతోందో మరిచిపోయింది.

"అంటే," అంది తారామణి, "గుర్రం ఆయన పంపింది కాదా?"

ఉదయశ్రీ బిళ్ళ మీంచి చెయ్యి తీసేసింది.

"తాబేలు కూడానా?"

"ఆ రెండూ కాదు. మొదటి మూడింటి సంగతి ఇంకా తెలియదు." ఉదయశ్రీ గొంతు తగ్గించింది. "విక్రమ్ గారు ఒకటి మాత్రం సరిగ్గా చెప్పారు. డబ్బాలో వేసింది ఇంట్లోవాళ్ళే. అది మీరు కాదని నాకు తెలుసు. నేను కిందికి వెళ్ళొస్తాను. మీ అక్కయ్యగారు ఉన్నారా?"

"పెరట్లో ఉన్నట్టుంది," అన్నాడు బుచ్చిబాబు. "గురువారం కదా, దీపాలు తోముతుంటుంది. మా ఆవిడకేం తెలుసమ్మా? రేపటి సంగతి కూడా ఆవిడకు పట్టదు. శుక్రవారం వద్దు, సోమవారం పెట్టించండి అని ఒకటే గొడవ."

కింది వాటా వంటింట్లో ఆవపిండి ఘాటు కళ్ళకు తగిలింది. కొత్త జాడీకి గుడ్డ కట్టి గోడవారగా పెట్టి ఉంది. పక్కనే చెక్క తలుపుల చిన్న పూజ గది. ఉదయశ్రీ గుమ్మం బయటే నిలబడి లోపలికి చూసింది. పటాలు, పసుపు రాసిన పీట, ఖాళీ కుందుల చోట నూనె మరకలు. పీట మీద వెండి కలశం. దాని పక్కన కుంకుమ భరిణె.

మంగతాయారు పెరటి కుళాయి దగ్గర ముక్కాలి పీట మీద కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. ముందు కంచు గిన్నెలో నానబెట్టిన చింతపండు. ఇత్తడి కుందిని గుజ్జుతో రుద్దుతోంది. అప్పటికే తోమినవి గోడ పక్కన బోర్లించి ఉన్నాయి.

"మీరేనా ఆ డిటెక్టివ్ గారు? కూర్చోండి. చెయ్యి ఖాళీ లేదు, ఏమీ అనుకోకండి."

ఉదయశ్రీ మెట్టు మీద కూర్చుంది. "మాకూ గురువారమే. పీతాంబరి పొడి వాడరా?"

"పొడితో తోమితే నాకు తోమినట్టే ఉండదు. చింతపండుతోనే ఆ ఎరుపు వస్తుంది."

"అవును. ఇత్తడిని పులుపుతో రుద్దితే పచ్చదనం పోయి గులాబీ రంగు తేలుతుంది." ఉదయశ్రీ చెయ్యి చాపి విత్తనాల బిళ్ళను ఆమె ముందు పట్టుకుంది. "ఇదీ ఇత్తడి పూతే. మిగతా నాలుగూ ఇదే రంగు. ఈక్వడార్‌లో చింతపండు పెట్టి తోముతారంటారా?"

మంగతాయారు చెయ్యి కుంది మీద ఆగింది. మళ్ళీ రుద్దడం మొదలుపెట్టింది.

"తారే తోముకుని ఉంటుంది."

"తాకడానికే భయపడుతుందండీ ఆవిడ. అరుగుతాయని. పోనీ, అంచు అక్షరాల్లో కుంకుమ ఎలా వచ్చింది? ఒక్కదాంట్లో కాదు, ఐదింటిలోనూ ఉంది. నీళ్ళలో కడిగారు, పైన పోయింది, సందుల్లో మిగిలింది. ఈ అంచులో రాత ఉందన్న సంగతి మీకు తెలియదు."

"ఏం రాత?"

"అందుకే తెలియదన్నాను." ఉదయశ్రీ ఆగింది. "ఆగస్టు అంటే శ్రావణం. వరలక్ష్మీవ్రతం అయ్యాక బిళ్ళ డబ్బాలో పడుతుంది. కలశంలో వేసి, పూజ చేసి, అప్పుడు కవర్లో పెట్టి, మెతుకు అంటించి గేటు దాకా వెళ్ళి వేశారు. మీ గేటులోంచి మీరు బయటికి వెళ్తుంటే చాయ్ డబ్బా దగ్గర కూర్చున్న మనిషి లెక్కపెట్టడు. బయటివాళ్ళ కోసం చూస్తుంటాడు."

కుంది చేతిలోంచి జారి గిన్నెలో పడింది. చింతపండు నీళ్ళు మంగతాయారు చీర మీద చిందాయి. ఆమె తుడుచుకోలేదు.

"పూజ చెయ్యకుండా ఎలా ఇస్తానమ్మా?" అంది. "మొగుడు పంపిన కాసు. అది దాని పసుపు కుంకాల సంగతి. అమ్మవారి దగ్గర పెట్టకుండా చేతికెలా ఇస్తాను? అమ్మా, దీని మనిషిని దీనికి చేర్చు అని దండం పెట్టుకుని అప్పుడు వేసేదాన్ని."

"మొగుడు పంపిన కాసు అన్నారు."

"అన్నాను." తల ఎత్తింది. "చివరి రెండూ నేను కొన్నవే, ఒప్పుకుంటున్నాను. మా చెల్లెలి కూతురు సుష్మ చేత నెట్‌లో తెప్పించాను. కానీ మొదటి మూడూ ఫణివే. ఫణి బతికే ఉన్నాడు. ఓడలో వంట చేసే హన్మయ్యని ఒకతను తెచ్చి ఇచ్చాడు. నారపల్లి మనిషి. 2009 శ్రావణంలో వచ్చాడు. ఫణి కనిపించాడని, ఇది తారకు ఇమ్మన్నాడని చెప్పాడు. ఎవరిచ్చారో చెప్పొద్దన్నాడట. చెబితే వెతుక్కుంటూ బయలుదేరుతుంది, కాలం కలిసొస్తే నేనే వస్తాను అన్నాడట. పది, పదకొండులో కూడా అతనే తెచ్చాడు. తర్వాత అతను ఓడ మానేశాడు."

"మీరు చెప్పలేదు. ఐదేళ్ళు."

"అప్పటికది అన్నం మానేసి ఉంది. మీరు చూడలేదు దాన్ని. మెట్ల మీద కూర్చుని గోడను చూసేది. బిళ్ళ దొరికిన రోజు లేచి తలంటుకుంది. మూడేళ్ళు వచ్చి నాలుగో ఏడు ఆగిపోతే మళ్ళీ ఆ మెట్ల మీద కూర్చోదా? అందుకే కొన్నాను. గుర్రం ఏమిటో, తాబేలు ఏమిటో నాకేం తెలుసు? ఆ ఏడాది కొత్త బొమ్మ ఏదుంటే అది తెప్పించమన్నాను."

"అక్కా."

తారామణి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె వెనక బుచ్చిబాబు, విక్రమ్. ఎంతసేపటి నుంచి ఉన్నారో తెలియదు.

"మూడూ ఆయనవేగా?" అంది తారామణి. ఆమె మొహం వెలిగిపోతోంది. తోడికోడలి మీద కోపం ఎక్కడా లేదు. "బతికే ఉన్నారుగా అక్కా? 2011 దాకా అయినా?"

"నా కళ్ళెదుట, నా ఇంట్లో!" బుచ్చిబాబు తారామణిని దాటుకుని పెరట్లోకి వచ్చాడు. "వాడు బతికున్నాడని తెలిసి, నేను తద్దినాల గురించి పంతులుగారితో మాట్లాడుతుంటే వింటూ కూర్చున్నావా?"

"అందుకేగా శుక్రవారం వద్దు, శుక్రవారం వద్దు అని అడ్డం పడ్డాను!"

విక్రమ్ గొంతు సవరించుకున్నాడు. అప్పటిదాకా అతను తారామణి వైపు చూడలేదు. "నారపల్లి హన్మయ్యనా? హైవే మీద టిఫిన్ సెంటర్? మా బామ్మర్ది ప్లాట్ పక్కనే. తీస్కొస్త." తాళాలు తీసి, గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగాడు. "పైన నేనన్న మాట... మనసుల పెట్టుకోకమ్మా."

అతను వెళ్ళాక తారామణి ఒకచోట నిలవలేదు. అన్నం వండుతానంది. వచ్చే మనిషి ఎండన పడి వస్తున్నాడు, మజ్జిగ చెయ్యనా అక్కా అంది. పైకి వెళ్ళి చీర మార్చుకుని వచ్చింది. ఉదయశ్రీ పూజ గది గోడకు ఆనుకుని కూర్చుని ఒక్క విషయమే ఆలోచించింది. భార్యకు కబురు పంపేవాడు కబురంటూ ఒక్క ముక్క రాయకుండా మూడేళ్ళూ బిళ్ళే ఎందుకు పంపాడు?

స్కూటర్ ఆగిన చప్పుడైంది. హన్మయ్య లోపలికి వచ్చాడు. అరవైకి దగ్గర మనిషి. మెడలో తువ్వాలు, చేతుల మీద పాత నూనె మచ్చలు. గదిలో అందరినీ చూసి, చివర తారామణిని చూసి, తల దించుకున్నాడు. తారామణి అందించిన మజ్జిగ గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు.

"హన్మయ్య గారూ," అంది ఉదయశ్రీ, "మొదటి బిళ్ళ మీకు ఇచ్చిందెవరు?"

"ఫణి సారే. తన చేత్తోని."

"రెండోది?"

అతను మంగతాయారు వైపు చూశాడు. "అమ్మకు జెప్పిన గదా."

"ఆవిడకు ఏం చెప్పారో విన్నాను. నేను అడిగింది మీకు ఎవరిచ్చారని."

హన్మయ్య గ్లాసు కింద పెట్టాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"నేను ఆ ఏడు జెప్పనీకెనే వచ్చిన తల్లీ. ఒట్టు. బస్సుల కెల్లి దిగి, ఎట్ల జెప్పాలె, ఏమని మొదలువెట్టాలె అని గేటు దాక అనుకుంటనే వచ్చిన. లోపలికి వస్తే ఇల్లంత మామిడాకులు, పేరంటాలు. గా దినమే మీ వ్రతం. ఈ అమ్మ నా చేతిల బిళ్ళ జూసి, నోరు తెర్వక ముందే తీస్కపోయి కలశంల ఏసింది. హారతి ఇచ్చింది. దీర్ఘసుమంగళి అని పాట పాడిన్రు. నాకు ప్రసాదం పెట్టిన్రు. ఇస్తరాకుల అన్నం ముందట కూసుని, అమ్మవారి ముందట, నేనేమని జెప్పాలె?"

తారామణి చెయ్యి గోడను వెతికింది.

"ఎప్పుడు?" అంది ఉదయశ్రీ మెల్లగా.

"2010 ఎండకాలం. ఊపిరితిత్తులల్ల నీళ్ళు. నేను రేవుకు పొయ్యేసరికి సారు పోయి నెల అయింది. మరుసటేడు వచ్చినప్పుడన్న జెప్పాలనుకున్న. మల్ల గదే పండుగ. ఓడ ఆ నెలలనే లీవు మీద ఇడిసి పెడ్తది, నేనేం జేస్త? గప్పటికి జెప్తె, పోయినేడు ఎందుకు జెప్పలే అంటరు."

మంగతాయారు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బుచ్చిబాబు కుర్చీలో కూలబడ్డాడు. ఏడ్చింది ఆయనొక్కడే, పైకి, చిన్నపిల్లాడిలా.

తారామణి ఏడవలేదు. "మరి రెండోదీ మూడోదీ ఎవరిచ్చారు?" అంది.

"పాప."

"ఏ పాప?"

"సారు కూతురు." హన్మయ్య నేల చూస్తూ మాట్లాడాడు. "సారు ఓడ దిగింది పాప కోసమేనమ్మా. దాని తల్లి సచ్చిపోయిందని కబురు వచ్చింది, పిల్ల ఒక్కతే అయింది. తోలుకొని ఇంటికి పోదాం సారు అంటే, తార మొగం ఎట్ల సూడాలె అన్నడు. రేవు కాడ మోటార్లు బాగు జేసే దుకాణంల పనికి కుదిరిండు. ఏటా కొత్త బొమ్మ బిళ్ళ వస్తే ఒకటి తార అమ్మకు పంపాలె అని పిల్లకు నేర్పిండు. సారు పోయినంక కూడ అది యాది పెట్టుకున్నది. చిల్లరల ఏరి, దాచి, నేను కనపడంగనే ఉరికొచ్చి ఇచ్చింది. తెలుగు మాట్లాడ్తది. అచ్చం మీ లెక్కనే. తాత గారండీ, తార అమ్మకు ఇవ్వండి అన్నది."

ఉదయశ్రీకి గీత లేని గుర్రం బిళ్ళ గుర్తొచ్చింది. 2011 తర్వాత కొత్త బొమ్మల బిళ్ళలు చిల్లరలోకి రాలేదు. ఆ పిల్లకు ఆ సంగతి ఎవరు చెబుతారు?

"ఇప్పుడు ఎక్కడుంది?" అంది.

"గా దుకాణంలనే ఉండాలె. నేను పోక మూడేండ్లాయె." ఇంకేదో చెప్పబోయి ఆగాడు.

విక్రమ్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. "పెద్దాయనా, ఇంకేమన్న ఉంటే ఇప్పుడే జెప్పు. మల్ల పండుగ వస్తది."

"దుకాణపోడు మంచోడు కాదు. నా ముందటనే అన్నడు. తిండి దండుగ, పన్నెండేండ్లు నిండంగనే పడవలోళ్ళకు అప్పజెప్త అన్నడు. ఎవలో వస్తరు, అడ్వాన్స్ కూడ ఇచ్చిన్రు అన్నడు."

"పాపకు ఎన్నేళ్ళు?"

"రెండువేల రెండుల పుట్టింది. బతుకమ్మలాడే దినాలల్ల. నాకెట్ల ఎర్కంటే, నేను ఓడ మీదనే ఉన్న. పాప పుట్టిందని సారుకు నేనే ఓడకెల్లి ఫోన్ జేసిన. సారు గప్పుడు లీవు మీద ఈడ, ఈ ఇంట్లనే ఉండె."

తారామణి పెదవులు విడివడ్డాయి. ఆమె చూపు వీధి తలుపు మీద నిలిచింది.

"ఆ దసరాకు," అంది. "ఫోన్ పెట్టేసి వచ్చి ప్రమోషన్ అన్నారు. అప్పటికప్పుడు వెళ్ళి రెండు కిలోల మైసూర్‌పాక్ తెచ్చారు. ఈ వీధిలో ప్రతి ఇంటికీ నేనే పంచాను."

మంగతాయారు తడి చేతులతోనే వచ్చి ఆమెను పట్టుకోబోయింది. తారామణి ఆ చేతుల్ని విడిపించుకోలేదు, వాటి మీద వాలిపోనూ లేదు. హన్మయ్య తాగకుండా వదిలేసిన మజ్జిగ గ్లాసు తీసి మళ్ళీ అతని చేతిలో పెట్టింది.

"బావగారూ, రేపు కోర్టుకు వస్తాను. ఆయన పోయారనే రాయించండి, సంతకం చేస్తాను. ఏ కబురూ అందలేదన్న మాట మాత్రం కొట్టేయించండి." ఆమె ఉదయశ్రీ వైపు తిరిగింది. "దసరాకు పన్నెండు నిండుతాయి. ఇంక నాలుగు నెలలే ఉందండీ. ఆ దుకాణం పేరు ఈయన్ని అడగండి."